వాద్యకారులకు వాద్యకారుడు

ఒక వాద్యకారుడు గొప్పవాడని లోకం అనడం వేరు, అతని తరువాత ఆ వాద్యాన్ని చేతబట్టినవారి వేళ్లు అతని మాట వినడం వేరు. మొదటిదానిని కీర్తి అంటాము. రెండవదానిని ‘ప్రభావం’ అనవలసి వస్తున్నది గాని, సన్మాన పత్రాలలో పడి ఆ మాట మరీ పలుచబడిపోయింది. ఎవరి పాటను ఎందరు విన్నారో లెక్క కట్టవచ్చును. ఎవరి మూలాన ఎందరు తమ చేతిని మార్చుకున్నారో లెక్క కట్టేదెవరు? రాక్ గిటారును గురించిన ఈ ప్రశ్న మా మిత్రుల నడుమ రెండేళ్లుగా నలుగుతున్నది. దానిని ఈ సంచిక పుటలకెక్కించే సాహసం చేస్తున్నాము.

ఉస్మాన్‌గంజ్‌లో గిటారా అని పాఠక మహాశయులు నవ్వవచ్చును. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తున్న ఈ పేటలో పగలంతా బస్తాల బరువు, హమాలీల కేకలు, ట్రాలీ ఆటోల హారన్లు. టోకు వర్తకుల షట్టర్లు దిగిన తరువాతనే మాకు సమయం చిక్కుతుంది. ఒక గోదాము మీది గదిలో మేము ఐదుగురం కూడుతాము. రెండు గిటార్లు, అరువు తెచ్చిన ఒక చిన్న ఆంప్లిఫయరు, గోడనిండా మిర్చి ఘాటు. మాలో ముగ్గురి ఇంటిభాష ఉర్దూ, ఇద్దరిది తెలుగు. వాదం వేడెక్కినప్పుడు మాత్రం అందరిదీ హైదరాబాదీయే.

మా వాదంలో మొదట వచ్చే పేరు జిమి హెండ్రిక్స్. ఇది ఊహించదగినదే. 1966 సెప్టెంబరులో లండన్‌లో అడుగుపెట్టిన ఈ అమెరికన్ యువకుడు 1970 సెప్టెంబరు 18న అక్కడే ఇరవై ఏడేళ్లకు కన్నుమూశాడు. అంటే జగత్తుకు తెలిసిన అతని సంగీతమంతా నాలుగేళ్లలో ఒదిగిపోయింది. ఎడమచేతివాటం కావడం చేత, కుడిచేతివారి కోసం చేసిన గిటారును తిరగవేసి, తంత్రులను తనకు అనువుగా మార్చుకుని వాయించాడు. ఆంప్లిఫయరుకు దగ్గరగా నిలబడితే గిటారు చేసే కూతను అంతవరకు చాలామంది దోషంగా భావించి వదిలించుకోజూసేవారు. హెండ్రిక్స్ ఆ కూతను పట్టి, వంచి, రాగంలో భాగం చేశాడు. అతడు మొదలుపెట్టాడని అనలేము. అతనికి ముందు కూడా కొందరు దానితో ఆడుకున్నారు. అయితే అతని తరువాత విద్యుత్ గిటారు అంటే ఆరు తంత్రుల కొయ్య మాత్రమే కాదనీ, తీగ, ఆంప్లిఫయరు, అది ఉన్న గది, అన్నీ కలిసి ఒకే వాద్యమనీ వాయించేవారందరికీ తెలిసిపోయింది. ఒకసారి తెలిసినదానిని తెలియనట్లు వాయించడం ఎవరికి సాధ్యం?

మాలో ఒక మిత్రుడికి హెండ్రిక్స్ కంటే టోనీ అయోమీ మీద మక్కువ. కారణం సంగీతం కంటే అతని చేతి కథ అని మా అనుమానం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తుండగా 1965లో, పదిహేడేళ్ల ప్రాయంలో, యంత్రం కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది కూడా ఎడమచేతివాటమే కాబట్టి, మెట్లమీద తంత్రులను నొక్కే చెయ్యి అదే. గిటారు మానుకొమ్మన్నవారు మానుకొమ్మన్నారు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడినా వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును వినిపించి ధైర్యం చెప్పినవారు చెప్పారు. అయోమీ ప్లాస్టిక్కును కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తొడుగుల వేళ్లకు గట్టి తంత్రులు లొంగవు. అందుచేత సన్నని తంత్రులు వేశాడు. 1971 నాటికి శ్రుతిని కూడా దించి తంత్రులను వదులు చేశాడు. శ్రుతి దిగడంతో నాదం బరువెక్కింది. బ్లాక్ సబాత్ బృందం నుండి పుట్టిన ఆ బరువైన నాదమే తరువాతి హెవీ మెటల్ సంగీతానికంతటికీ పునాది అయింది. పది వేళ్లూ నిక్షేపంగా ఉన్న కుర్రవాళ్లు ప్రపంచమంతటా ఈనాటికీ శ్రుతి దించుకుని వాయిస్తున్నారు. ఒకని గాయానికి చేసుకున్న కట్టు మరొకరికి నగ అయిందన్నమాట.

వేగం సంగతి కూడా ఇక్కడే అనేస్తాము. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ రెండు చేతుల వేళ్లతోనూ మెట్లమీద తట్టి వాయించిన ‘ఇరప్షన్’ వెలువడ్డాక ఆ పద్ధతి ఊరూరా పాకింది. మా గదిలోనూ పాకింది. దానిమీద మాకు గౌరవమే గాని, ఫోనులో చూసి నేర్చినవారి చేతుల్లో అది గారడీగా మారడం చూస్తూనే ఉన్నాము.

ఇక మన ఇంటి సంగతి. ‘మన తెలుగువారిలో ఇటువంటివాడు ఎవడయ్యా?’ అని అడిగితే మేము చూపగలిగినది గిటారిస్టును కాదు, దాని చిన్న చెల్లెలు వంటి మాండలిన్‌ను పట్టిన పాలకొల్లు బాలుని. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్లకు తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతబట్టాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. 1981లో మద్రాసు చేరాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్లకే, చెన్నైలో వెళ్లిపోయాడు. హెండ్రిక్స్ పోయిన తేదీకి ఒక్క రోజు తేడా. యాదృచ్ఛికమే, కాని మా గదిలో ఆ రెండు తేదీలూ గోడమీద పక్కపక్కనే ఉన్నాయి.

శ్రీనివాస్‌కు ముందు మాండలిన్ మనకు తెలియనిది కాదు. సినిమా వాద్యబృందాలలో అది ఎప్పుడో చేరింది. బొంబాయిలో సంగీత దర్శకుడు సజ్జాద్ హుసేన్ సాహెబ్ ఆ వాద్యంమీద హిందుస్థానీ రాగాలను పలికించిన తీరు జాణలకు తెలుసు. ఈ సంచికను అటునుండి తెరిచి చదివే మా ఉర్దూ పాఠకులు సజ్జాద్ సాహెబ్ పేరు చెప్పగానే చెవులు పట్టుకుంటారు. ఆయన తక్కువవాడని అనే సాహసం మాకు లేదు. అయినా ఆయన వెంట మాండలిన్ పట్టుకుని కచేరీ వేదికలెక్కిన పరంపర ఒకటి ఏర్పడలేదు. శ్రీనివాస్ వెంట ఏర్పడింది. తేడా ఎక్కడున్నది? మా ప్రశ్నకు ముడి ఇక్కడే ఉన్నదని మాకు తోచింది.

మాండలిన్‌కు సహజంగా నాలుగు జతల తంత్రులు. జతగా ఉండడం వల్ల, నాదం వెంటనే ఆరిపోవడం వల్ల, టకటకమని మీటులు పడతాయే గాని స్వరం సాగదు. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఊగాలి, జారాలి, ఒకదానిలోనుంచి మరొకటి పుట్టాలి. తంత్రిని పక్కకు లాగి గమకం పలికించాలంటే జత తంత్రులు అడ్డం. శ్రీనివాస్ జతలను విప్పి ఐదు ఒంటి తంత్రులు పెట్టుకున్నాడు. విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించాడు. నాదం నిలవడానికి విద్యుత్తు, లాగడానికి ఒంటి తంత్రి. పుస్తకంలో రాస్తే ఇంతే. కాని ఈ రెండు మార్పులతో, పాశ్చాత్య బొమ్మగా ఉన్న వాద్యం త్యాగరాజ కీర్తనను మాట తప్పకుండా మోయగలిగింది. విదేశీ ఫిడేలును బాలుస్వామి దీక్షితులు మనదిగా చేసుకున్న ఘట్టం తరువాత అటువంటి ఘట్టాలు మనకు అరుదు. తరువాతి మాండలిన్ విద్యార్థికి శ్రీనివాస్ చేతి వేగం రాకపోవచ్చు. ఆ ఐదు తంత్రుల దారి మాత్రం తెరిచే ఉన్నది. తమ్ముడు రాజేశ్ మొదలుకొని ఎందరో ఆ దారిన నడిచారు. సజ్జాద్ సాహెబ్ మనకు తన వాదనాన్ని ఇచ్చిపోయాడు, శ్రీనివాస్ దానితోపాటు పనిముట్టును కూడా ఇచ్చిపోయాడు.

మరొక ముచ్చట. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, బాలుడు ఆ పాటను వాద్యంమీద వెతుక్కునేవాడు. ఎక్కడ ఏ వేలు పెట్టాలో చెప్పేవారు లేకపోవడమే ఆ బాలుని అదృష్టమని మాలో కొందరి అభిప్రాయం. చెప్పేవారుంటే పాత వేళ్లే వచ్చేవి. గొంతును అనుకరించబోయి చెయ్యి కొత్తదయింది. ఫోను తెరమీద ప్రతి వేలికీ అంకె వేసి చూపే పాఠాల కాలంలో ఈ సంగతి మమ్మల్ని కొంత కలవరపెట్టిన మాట నిజం.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. ఇంగ్లండువాడైన జాన్ మెక్‌లాలిన్ వీణ నేర్చుకున్నాడు. 1970ల నడుమ ఎల్. శంకర్, జాకిర్ హుసేన్, విక్కు వినాయకరామ్‌లతో ‘శక్తి’ బృందాన్ని నడిపినప్పుడు మెట్ల నడుమ కొయ్యను లోతుగా తొలిపించిన గిటారును చేయించుకున్నాడు. వీణలో మైనంమీద నిలిచిన ఎత్తైన మెట్ల వల్ల తంత్రిని ఎంతైనా లాగవచ్చు. గిటారుకు ఆ సౌకర్యం కోసమే ఈ తొలిపింపు. ఆ తరువాత ‘రిమెంబర్ శక్తి’లో ఆయన పక్కన కూర్చున్నది మన శ్రీనివాసే. వీణమీద తెలుగునేలకు ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు గార్ల వారసత్వం ఉండనే ఉన్నది. గిటారు కొయ్యను తొలిపించిన ఆలోచన మన ఇళ్లలో గోడకు ఆనించి ఉన్న వాద్యం నుండి పోయిందంటే నమ్మనివారు వీణ మెట్ల కింద వేలు పెట్టి చూడవచ్చు.

పెద్దలు కొందరు అడుగుతారు: ఈ పేట పిల్లలకు గిటారు ఏం కూడు పెడుతుంది? న్యాయమైన ప్రశ్నే. దానికి మా వద్ద జవాబు లేదు, ఒక మిత్రుని సంగతి మాత్రం ఉన్నది.

మా ఐదుగురిలో అతడే అందరికంటే ముందు గిటారు పట్టినవాడు. చిన్నతనంలో తలుపు సందున పడి అతని ఎడమచేతి చూపుడువేలు కొద్దిగా వంకరపోయింది. గిటారు నేర్చే ప్రతివాడినీ ఏడిపించేది ఎఫ్ కార్డు. చూపుడువేలిని కడ్డీవలె ఆరు తంత్రులమీదా అడ్డంగా అదిమితే తప్ప పలకదు. అతని వేలు రెండు తంత్రులకు మించి అదమలేదు. అందుచేత బొటనవేలిని గిటారు మెడ పైనుంచి తిప్పి లావు తంత్రిని నొక్కేవాడు. అది తప్పు పద్ధతి అని ఊరి మరో మూలనున్న ఒక శిక్షకుడు అతన్ని నలుగురిలో చిన్నబుచ్చాడు. హెండ్రిక్స్ కూడా బొటనవేలిని అట్లాగే వాడేవాడని ఆ రోజు అతనికిగాని, మాకుగాని తెలియదు. అంతర కళాశాల పోటీలలో రెండుసార్లు బహుమతి రాలేదు. పోటీ పాటలన్నీ మూలానికి అచ్చుపోసినట్లు వాయించవలసినవే. ఈ సందర్భంలో కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి: మన వార్షికోత్సవంలోనైనా ఒక్క అంశం, విద్యార్థి తన సొంతంగా కట్టుకున్నది వాయించడానికి ఉంచవలసింది. దానికి ఖర్చు లేదు.

కడకు అతడు తాను పనికిరానివాడినని తేల్చుకున్నాడు. తన వాదనాన్ని ఎవరూ తలచుకోరని అన్నాడు. మేము హెండ్రిక్స్ కథ చెప్పాము, అయోమీ కథ చెప్పాము. నవ్వి ఊరుకున్నాడు. గొప్పవారి గాయాలు గొప్పవి కాబోలు అన్నాడు. ఇంటి అప్పు ఉన్నది, చెల్లెలి పెళ్లి ఉన్నది. నిరుడు రంజాన్ తరువాత రియాద్‌లో ఒక గిడ్డంగి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ గిటారును గదిలోనే వదిలాడు.

ఆ గిటారు ఇప్పుడు గల్లీలోని చిన్నపిల్లల వశమైంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలుగురున్నారు. మొన్నొక రాత్రి వారు ‘చురా లియా’ వాయిస్తున్నారు. 1973లో ‘యాదోం కీ బారాత్’ కోసం ఆ పాటలో గిటారు పలికించినది గజల్ గాయకుడు భూపిందర్ సింగ్ అని చెబితే పిల్లలు మా వైపు వింతగా చూశారు. వారి చేతులను చూస్తూ ఉండగా మాకు ఒక సంగతి కనబడింది. నలుగురి చూపుడువేళ్లూ చక్కనివే. నలుగురూ ఎఫ్ కార్డు వద్దకు రాగానే బొటనవేలిని మెడ పైనుంచి తిప్పి లావు తంత్రిని నొక్కుతున్నారు.

ఎందుకట్లా పట్టుకున్నావురా అని అందరిలోకీ చిన్నవాణ్ని అడిగాము. ‘అది అట్లనే పట్టాలె గదా భాయ్,’ అన్నాడు వాడు. మాలో ఒకరు ఫోను తీసి ఆ నాలుగు చేతులనూ వీడియో తీసి రియాద్‌కు పంపారు. అక్కడ అప్పుడు రాత్రి పని వేళ. తెల్లవారి జవాబు వచ్చింది: చిన్నవాడి బొటనవేలు మెట్టుకు ఇంకొంచెం దగ్గరగా పెట్టించమని, లేకపోతే తంత్రి గరగరలాడుతుందని.