రిచీ స్ట్రీట్‌లో మాట కోసం

చెన్నై మౌంట్ రోడ్డును ఆనుకుని ఉన్న రిచీ స్ట్రీట్‌లో వైరు ముక్క నుంచి ఆంప్లిఫైయరు దాకా దొరకని సామాను అరుదు. ప్రతి కొట్టూ తన స్పీకరును దడదడలాడించి చూపిస్తుంది. ఖరీదైన జత కావాలంటే మాత్రం ప్రశాంతంగా కూర్చోబెట్టి వినిపించే షోరూముకు వెళ్ళవలసిందే. మా అమ్మాయితో, ఘంటసాల, బాలమురళీకృష్ణ సీడీలతో వెళ్ళాను. తెలిసిన గొంతే తూనికరాయి కదా!

1970లలో బీబీసీ ఇంజనీర్లు ప్రసార వ్యాన్ల కోసం రూపొందించిన ఎల్.ఎస్.3/5ఎ అనే చిన్న పెట్టెకు నేటికీ పేరున్నది మనిషి గొంతును సహజంగా పలికించినందుకే.

బ్యాంకు ఉద్యోగిని కనుక లెక్కా చూశాను. ఒక వాటుకు మీటరు దూరంలో 89 డెసిబెళ్ళు ఇచ్చే స్పీకరుతో సమానంగా మోగాలంటే 83 డెసిబెళ్ళదానికి నాలుగు రెట్ల వాట్లు కావాలి. స్పీకరు ధరకు ఆంప్లిఫైయరు ఖర్చు కూడా కలుపుకోవాలన్నమాట. గది మూలకు నెడితే మంద్రం ఉబ్బి మాటను మింగేస్తుంది. గోడకు కాస్త జాగా వదలాలి.

చివరికి రెండు జతలు మిగిలాయి. పెద్దది గదిని అదరగొట్టింది. చిన్నదానిలో ద, ధ విడివిడిగా వినిపించాయి. తమిళ బడిలో చదివిన మా అమ్మాయికి తెలుగు అక్షరాలు రావు. ఆమెకు మన భాష చేరే దారి చెవి ఒక్కటే. పెద్దదాని ముందు మౌనంగా కూర్చున్న పిల్ల, చిన్నదాని ముందు “నాన్నా, ఆ మాటకు అర్థమేమిటి?” అని అడిగింది. చిన్నదే కొన్నాను.

మీరూ కొనేటప్పుడు ఇంట్లో చిన్నవారిని వెంట తీసుకువెళ్ళండి. వారు మాట పట్టుకున్న జతే మీది.