పాతనీరు

"నీళ్ళు మార్చాలి." మా వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తరచూ వినిపించే మాట. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక నా ధ్యాస ముందు మాట మీదికే పోతుంది. మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడం. కొత్తనీరు ఉప్పుటేటి నుంచి వస్తుంది. మరి పాతది ఎక్కడికి పోతుంది? ఆ వాక్యంలో దానికి చోటు లేదు.

డ్రెయిన్‌లోకి పోతుంది. తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జన, అమ్మోనియా, అడుగున పేరుకున్న నల్లబురద దానితోపాటే. గుడివాడ వైపు వరిచేల ఎరువులూ పురుగుమందులూ, ఊళ్ళ మురుగూ కూడా చివరికి సముద్రం వైపే దిగుతాయి. పోటు సమయంలో ఆ నీళ్ళే వెనక్కొచ్చి ఇంకో చెరువు మోటారులోకి ఎక్కుతాయి. ఒకరి పాతనీరు మరొకరి కొత్తనీరు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరంలో చెరువుల్ని ఊడ్చేసినప్పుడు అది పాకిన దారుల్లో ఇదీ ఒకటి. 2009లో అనుమతి పొందిన వనామి రొయ్య కూడా దాన్నుంచి తప్పించుకోలేదు. జబ్బు పడిన చెరువును బ్లీచింగ్‌తో శుద్ధి చేశాకే నీళ్ళు వదలాలి. పంట పోయినవాడు ఆ ఖర్చు కూడా పెట్టుకోవాలి మరి!

పెద్ద చెరువుల చుట్టూ పొట్టి వల కట్టి ఉంటుంది, పీతలు రాకుండా. అవి వైరస్‌ను మోస్తాయి. నాగాయలంక, కోడూరు వైపు మడ అడవుల బురదలో యానాది స్త్రీలు చేత్తో పట్టుకునేదీ ఆ పీతల్నే. చెరువుకి శత్రువైనది ఆమెకి ఆ పూట కూడు. చెరువు పోతే నష్టాన్ని ఎకరాల లెక్కన రాస్తారు. ఆమె బుట్ట ఖాళీగా వచ్చిన రోజుని ఏ రిజిస్టరులో రాయాలి?

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరం నుంచి 500 మీటర్లలోపు సంప్రదాయేతర రొయ్యల చెరువుల్ని తొలగించమంది. నష్టపోయినవారికి పరిహారం కాలుష్యం చేసినవారే చెల్లించాలంది. ఆ కేసు ఎస్. జగన్నాథన్ పేరుమీద ఉంది. తమిళనాడు తీరంలో ఆయనతో సమానంగా ఆ పోరాటం నడిపిన కృష్ణమ్మాళ్ పేరు కేసు శీర్షికలో లేదు. (శీర్షికల్లో మన పేర్లు లేకపోవడం కొత్తేమీ కాదు.) 2005లో వచ్చిన చట్టం ఆ తీర్పులోని నిషేధాన్ని పక్కకి నెట్టింది. హద్దు 200 మీటర్లకు జరిగింది.

పర్యావరణ వ్యాసాల్లో కనిపించే 'దురాశాపరుడైన రొయ్యల రైతు' బొమ్మతో మాత్రం నాకు పేచీ ఉంది. మా అమ్మమ్మ ఎకరంన్నర పొలం పక్కన చెరువులు లేచాయి. ఉప్పు ఊరి, వరి వెన్ను తాలుపోయింది. ఆ తర్వాత పొలాన్ని చెరువుకి లీజుకివ్వడం దురాశ కాదు, మిగిలిన దారి. సంతకం అమ్మమ్మది, బేరం మావయ్యది. నా పిహెచ్‌డి చివరి రెండేళ్ళ హాస్టల్ ఖర్చు ఆ లీజు డబ్బే. అంటే నా పుస్తకాల్లోకీ ఆ డ్రెయిన్ పారింది.

మొన్న దివిసీమ వెళ్ళినప్పుడు పీతలు పట్టే ఒకామెని ఈ ఏడాది ఎలా ఉందని అడిగాను. ధర చెబుతుందనుకున్నాను.

"నీళ్ళొదిలిన మూడ్రోజులు అటెళ్ళమమ్మా, కాళ్ళు దురదలు," అంది.

ఎప్పుడెప్పుడు వదిలారని అడిగాను. కిందటి అమావాస్య ముందు రోజు, తర్వాత ఫలానా శుక్రవారం, మళ్ళీ చిన్నోడికి జ్వరమొచ్చిన రోజు... వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. రాసుకోవడానికి నేను నోటుబుక్కు తీసేలోపే రెండో చేతికి వచ్చేసింది.