పైకప్పు కింది తడి

నిప్పు లేనిదే పొగ రానట్లే, తడి లేనిదే తుప్పు రాదు. ఇంజనీరింగు చదివిన ప్రతివారికీ తెలిసిన సంగతే ఇది. తెలిసి కూడా మేము చేసిన ఒక పొరపాటును పాఠకుల ముందుంచుతున్నాము.

విశాఖ తీరాన పనిచేస్తున్న రోజులలో, కార్మికుల వాడలకు తిరిగే వైద్యశాల వ్యానులో వేడి తగ్గించే పని మా విభాగానికి వచ్చింది. పైకప్పు రేకుకూ లోపలి ప్లైవుడ్‌కూ నడుమ గ్లాస్‌వుల్ కూర్చాము. చవకైనది, వేడిని బాగా ఆపగలది. పెద్దవాడైన మా రేకు పనివాడు మాత్రం "సార్, ఈ దూది తడిస్తే ఆరదండీ" అన్నాడు. "లోపలికి తడి ఎక్కడినుండి వస్తుంది?" అని నవ్వి ఊరుకున్నాము.

మూడవ ఏట కార్తీకమాసంలో మందుల అరపై ఎర్రని మరకలు కనిపించాయి. ప్లైవుడ్ విప్పితే గ్లాస్‌వుల్ తడిసి బరువెక్కి ఉన్నది. వేలితో నొక్కగానే రేకుకు చిల్లిపడింది. బయట రంగు మాత్రం చెక్కుచెదరలేదు!

పైకప్పుపై నీరు పోసి చూశాము, చుక్క దిగలేదు. తడి గాలిలోనిదే. 26 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న గాలి సుమారు 23 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీరవుతుంది. నిర్మలమైన రాత్రి వేళ పైకప్పు రేకు చుట్టూ ఉన్న గాలికన్న చల్లబడుతుంది. రోజూ నేల కడిగి తలుపులు మూసే వ్యానులో తేమకు కొదువ లేదు. సందులగుండా చేరిన ఆవిరి రేకుపై నీరుకాగా, గ్లాస్‌వుల్ దానిని ఆరనీయలేదు. సముద్రపు ఉప్పుగాలి తుప్పుకు తోడయింది.

మరమ్మతుకు నెల పట్టింది. ఆ నెలంతా వృద్ధులు, గర్భిణులు బస్సులెక్కి పట్టణం వెళ్ళారు. మా నవ్వుకు మూల్యం చెల్లించినది వారు.

ఈసారి తుప్పు గీకి, జింకు ప్రైమరు పూసి, నీరు పీల్చని క్లోజ్డ్‌సెల్ ఫోమును, అదీ మంటను తట్టుకొనే రకాన్ని, గాలి సందు లేకుండా రేకుకు అంటించాము. వేడిని ఆపడంలో అది గ్లాస్‌వుల్‌కు దాదాపు సమానమే. ధర మాత్రం ఎక్కువ. స్తంభాల అడుగునున్న నీరుపోవు రంధ్రాలను మూయలేదు. బోలు భాగాలలో ఏమీ కూర్చక మైనం పూతతో సరిపెట్టాము.

ఎక్కడ అంటించాలో, ఎక్కడ వదలాలో సుద్దతో గీతలు గీసినవాడు ఆ రేకు పనివాడే. మేము పక్కన నిలిచి ఫోము అందించాము.