యంత్రమునకు వ్రాయలేని నియమము

మాఘమాసమున నొక ప్రాతఃకాలమందు, కళింగపట్నమున వంశధార కడలిని కలియుచోట పొగ వంటిది లేచుట చూచి "అచ్చట నిప్పున్నది" అంటిమి. కంప్యూటరు శాస్త్రమున పట్టభద్రురాలైన మా అమ్మాయి "అది మంచు, నాన్నగారూ!" అని నవ్వెను.

పొగను బట్టి నిప్పు నూహించుట మన తార్కికుల పాత యుదాహరణము. నిప్పును బట్టి పొగ నూహింపరాదని 17వ శతాబ్దమున అన్నంభట్టు తర్కసంగ్రహమున హెచ్చరించెను. కాలిన యినుపగుండున నిప్పు గలదు, పొగ లేదు. తడికట్టె తోడుగా నున్నగాని పొగ పుట్టదు.

లోకజ్ఞానమును తర్కవాక్యములుగా వ్రాసి కంప్యూటరున కీయవలెనని 1958లో అమెరికా పండితుడు జాన్ మెకార్తీ ప్రతిపాదించెను. తడికట్టె మాట వ్రాయకున్న, నిప్పున్న చోటనెల్ల పొగ యున్నదని యంత్రము చెప్పును. ఆ దోషము యంత్రముది కాదు, వ్రాసినవారిది.

పైచదువునకు పోదునని అమ్మాయి యడిగినప్పుడు "ఆడపిల్లవు గావున వలదు" అంటిమి. "ఈ రెంటిని కలుపు వాక్య మేది?" అని ఆమె ప్రశ్నించెను. ఎంత వెదకినను "లోకు లేమందురో" యను భయమే కానవచ్చెను గాని నియమము కానరాలేదు. మరునాడే దరఖాస్తుపై సంతకము చేసితిమి.

యంత్రమునకు వ్రాసి యీయలేని నియమమును బిడ్డలకు విధించుట న్యాయమా?