బెజవాడ వారి సముద్రం

సముద్రం చూడాలంటే గవర్నర్‌పేట వాళ్లు బందరు రోడ్డు పట్టుకుని మంగినపూడి దాకా వెళ్లాలి. ఇంటిల్లిపాదీ ఓడెక్కాలంటే అదీ కుదరదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి విహార నౌక బయలుదేరినప్పుడు టీవీలో చూసి సరిపెట్టుకున్న వాళ్లే ఎక్కువ. అయితేనేం? పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు సర్దుకుని ఆటోలో భవానీపురం చేరుకుంటే సరి. బెరంపార్కు దగ్గర పడవెక్కితే కొద్దిసేపట్లో భవానీ ద్వీపం!

పడవ కదిలిందో లేదో బీసెంట్ రోడ్డు బేరాలు, ఏలూరు రోడ్డు హారన్లు ఎక్కడివో అన్నట్టు ఉంటుంది. ఓ పక్క ఇంద్రకీలాద్రి, ఎదురుగా ఎటు చూసినా నీళ్లే. పిల్లలు అంచు దగ్గరికి పరిగెడతారు. అమ్మమ్మలు కొంగున కట్టిన రూపాయి బిళ్ల తీసి కృష్ణమ్మకు సమర్పించి దణ్ణం పెడతారు. 130 ఎకరాలు దాటిన ద్వీపంలో దిగాక ఎవరి లోకం వారిది. చెట్టు నీడన దుప్పటి పరిచి, భోజనం కాగానే ఓ కునుకు తీసే నాన్నలదే అసలు సుఖం.

ఇంత నిశ్చలమైన నీళ్లు నదికి ఎలా వచ్చాయి? దిగువనున్న ప్రకాశం బ్యారేజీ పుణ్యమే. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడితే, దాని చోట 1957లో కట్టిన బ్యారేజీ ఇది. 70 గేట్లూ మూస్తే వెనక మూడు టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. బెజవాడ వారి సముద్రం అదే. వేసవిలో గేట్ల అవతలికి వెళ్లి చూడండి... ఇసుకే ఇసుక! ఇక్కడ నిలిచిన నీళ్లే ఏలూరు, రైవస్, బందరు కాలువల్లో ఊరి మధ్యగా సాగి డెల్టా పొలాలకు చేరతాయి. బస్సులు రాకముందు ఆ కాలువల మీదే జనం పడవల్లో ఊళ్లకు వెళ్లేవారు.

అయితే ఈ నీటికీ కోపం వస్తుంది. 2024 సెప్టెంబరు తొలివారంలో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అంత ప్రవాహం దాని చరిత్రలోనే లేదు. ద్వీపం మునిగింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నాయి. దసరాకు కృష్ణలో విహరించే దుర్గమ్మ హంసవాహనాన్నే 2020లో వరద కారణంగా ఒడ్డున ఉంచి పూజలు చేశారు.

వరద లేనిరోజు మాత్రం భయం లేదా? 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని బయలుదేరిన యాత్రికుల పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు. లైఫ్ జాకెట్లూ లేవు. ఇప్పటికీ ఉక్కపోస్తోందని జాకెట్ విప్పి ఫొటోలకు నిలబడే పెద్దలున్నారు. వాళ్లను చూసి పిల్లలూ విప్పేస్తారు. మేడ మీద సీటు కోసం పోటీపడేకంటే, చంటివాడికి సరిపోయే జాకెట్ అడిగి తొడిగించడం ముఖ్యం. లేదంటే ఆ పడవ ఎక్కకపోయినా నష్టం లేదు.

తిరుగు పడవ వేళ ముందే కనుక్కుంటే సాయంత్రం రేవులో తోపులాట తప్పుతుంది. సాగర్, పులిచింతల గేట్లు ఎత్తారన్న వార్త పొద్దున పేపర్లో కనిపించిందా... ఆ ఆదివారం పులిహోర డాబా మీదే!