గుంటకు మూత

బాలలూ! పుచ్చిన పన్ను తీయించుకోవాలంటే మీకు భయం కదూ? మా తిరుచానూరు పిల్లలకూ అంతే. కాని డాక్టరుగారు ముందు మత్తుసూది వేస్తారు. లాగుతున్నట్లు తెలుస్తుందే గాని నొప్పి ఉండదు.

అసలు జాగ్రత్త తరువాత కావాలి. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా నిలుస్తుంది. లోపలి ఎముకను, నరాలను కాపాడేది అదే. గట్టిగా ఉమ్మినా, పుక్కిలించినా, నాలుకతో కెలికినా ఆ మూత ఊడిపోవచ్చు. అప్పుడు విపరీతమైన నొప్పి పుడుతుంది.

అందుచేత మొదటి 24 గంటలూ పుక్కిలించకండి. కొబ్బరినీళ్లయినా గొట్టంతో పీల్చక, గ్లాసులో పోసుకుని తాగండి. చల్లని పెరుగన్నం మేలు. చెరకుగడ జోలికి పోకండి. మరునాటినుంచి గోరువెచ్చని ఉప్పునీటిని నోట్లో మెల్లగా తిప్పి వదలండి. మూడోనాటికి నొప్పి తగ్గక పెరిగితే, దాచకుండా పెద్దవాళ్లకు చెప్పండి, డాక్టరుగారికి చూపించాలి.

చిగురు కొన్ని వారాలలో మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది.