దాచిపెట్టిన జబ్బు

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరైనాక నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల మీటింగులో ఒక తమ్ముడు నా పక్కన కూర్చుని చెప్పినాడు. "అన్నా, నాకు గుండె తాళం తప్పిందని రక్తం పలచన చేసే మాత్ర ఇచ్చినారు. కార్జం కూడా చెడింది. టెస్టులో రక్తం ముందే పలచగా ఉందంట. ఇంక మాత్ర దేనికని నిలిపేసినా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ తప్పు చేసినవాణ్ణే. మీకెవరికీ చెప్పలేదు, ఈరోజు చెప్తాను.

నాకు ఇరవై ఏండ్లుగా షుగర్. సారాయి చుక్క ముట్టినవాణ్ణి కాను. అయినా నాలుగేండ్ల కింద స్కాన్ తీసి, ఫ్యాటీ లివర్ ముదిరి సిరోసిస్ అయిందన్నారు. రోగం భయం కంటే పరువు భయం ఎక్కువైంది నాకు. కార్జం చెడిందంటే జనం ఏమంటారు? చాటుగా తాగేవాడంటారు. కూతురి అత్తవారింట్లో తెలియకూడదని, మా ఇంటామెకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రెండేండ్లకు గుండె దడ మొదలైంది. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వచ్చింది. గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతాయి. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. అందుకని గుండె డాక్టరు రివరోక్సబాన్ రాస్తూ, "వేరే జబ్బులున్నాయా?" అని అడిగినారు. "షుగర్, బీపీ" అన్నాను. కార్జం మాట మింగేసినాను. ఇంటామె నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

మూడు వారాలకు మలం తారులాగా నల్లగా పడింది, కళ్లు తిరిగి పడిపోయినాను. హాస్పిటల్‌లో ఇంటామె ఏడుస్తూ అంతా చెప్పేసింది. ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళం చిట్లిందని బ్యాండ్ వేసి కట్టినారు.

"ఇంక ఆ మాత్రల జోలికి పోను" అన్నాను. అప్పుడు కార్జం డాక్టరు కూర్చోబెట్టి చెప్పినారు. రక్తాన్ని గడ్డ కట్టించే సరుకునూ, కట్టకుండా ఆపే సరుకునూ రెండింటినీ కార్జమే తయారుచేస్తుంది. అది చెడితే రెండూ తగ్గుతాయి. ఐఎన్ఆర్ టెస్టు మొదటిదాన్నే చూపిస్తుంది. అందుకే ఐఎన్ఆర్ ఎక్కువున్నా గడ్డ కట్టదని ధైర్యం లేదు. వార్ఫరిన్ వేసుకునేవాళ్లకు మామూలుగా ఐఎన్ఆర్ 2, 3 మధ్య పెడతారు. మనకు మాత్ర లేకుండానే అది పెరిగి ఉంటే, దాన్ని చూసి డోసు పెట్టడం కష్టం.

బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, కడుపులో నీరు, మతి తికమక, ఈ ఐదూ చూసి కార్జానికి ఎ, బి, సి గ్రేడు వేస్తారు. ఎ అయితే కొత్త మాత్రలు చాలావరకు వాడొచ్చు. బి అయితే రివరోక్సబాన్ పనికిరాదు, అపిక్సబాన్ జాగ్రత్తగా ఇస్తారు. సి అయితే ఈ కొత్త మాత్రలు సాధారణంగా ఇవ్వరు. నాది బి.

ఇద్దరు డాక్టర్లూ ఫోనులో మాట్లాడుకున్నారు. మళ్లీ ఎండోస్కోపీ చేసి, లోపల మానిందని చూసినాకే అపిక్సబాన్ మొదలుపెట్టినారు. ప్లేట్‌లెట్లు, కార్జం టెస్టులు వాళ్లు చెప్పినప్పుడల్లా చేయించుకుంటున్నాను. మోకాళ్ల నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకోవడం మానేసినాను. అదీ రక్తం కారడానికి దారే.

రైల్వేలో ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాకుండా బండి వదలరు. నా విషయంలో ఆ కబురు అందకుండా చేసింది నేనే.

వియ్యంకుడికి సంగతి తెలిసినప్పుడు తల దించుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "బావగారూ, నాకూ ఫ్యాటీ లివర్ ఉంది, నేనూ ఎవరికీ చెప్పలేదు" అన్నారు.

తమ్ముడూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నీ పేరు రాయలేదు. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు, నువ్వు తేల్చేదీ కాదు. రేపే గుండె ఫైలు, కార్జం ఫైలు రెండూ తీసుకుని డాక్టరు దగ్గరికి పో. నిలిపేసిన సంగతి దాచకుండా చెప్పు. తోడు కావాలంటే ఫోన్ చెయ్యి, నేను వస్తాను.